కళాయి పూసిన ఓడ ఫోను

తూర్పు తీరంలో, మ్యూజియంగా ఒడ్డున నిలబెట్టిన ఒక పాత యుద్ధనౌకలో, రెండు ఇత్తడి ఫోన్లు ఉన్నాయి. ఒకటి పైన కరెంటు బోర్డుల గదిలో, ఒకటి కింద బాయిలర్ గదిలో. పైది నల్లగా, చిలుము పట్టి ఉంటుంది. కిందది మాత్రం పెళ్ళికి తోమిన బిందెలా మెరుస్తూ ఉంటుంది. జంట ఫోన్లు ఇలా ఎందుకున్నాయని చూసినవాళ్ళు అడుగుతారట. మ్యూజియంలో వస్తువుల బాధ్యత చూసే ఆఫీసరమ్మ నాకు ఫోన్ చేసినప్పుడల్లా ఈ మాట చెప్పి, తర్వాత ఒక నిట్టూర్పు విడుస్తుంది. ఆ నిట్టూర్పు నా కోసమే.

ఎమ్మిగనూరులో మగ్గాల చప్పుడు మధ్య పుట్టినవాడు ఓడలో పనిచేశాడంటే ఇప్పటికీ కొంతమంది నమ్మరు. మా వీధిలో ఒక పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "మన కాలువలో దిగితే మోకాలు తడవదు, నువ్వు సముద్రంలో ఏం పని సేసినావప్పా?" అన్నాడు. నీళ్ళతో నాకేం పని, నేను చేసింది కరెంటు పని అని చెప్తే ఇంకా అనుమానంగా చూశాడు. పదిహేనేళ్ళు ఒకే యుద్ధనౌకలో చేశాను. బయటికొచ్చాక ఆదోనిలో మోటార్లకి తీగ చుట్టే కొట్టు పెట్టుకున్నాను. పత్తి మిల్లుల్లో కాలిపోయిన మోటార్లన్నీ నా దగ్గరికే వస్తాయి. మా నాయన నూలుపోగుతో చేసిన పనే నేను రాగితీగతో చేస్తున్నాను. రోజూ పొద్దున ఎమ్మిగనూరులో బస్సెక్కి ఆదోనికి పోతాను, సాయంత్రం తిరిగొస్తాను.

ఆదోనిలోనే కొట్టు ఎందుకు పెట్టావని ఎవరైనా అడిగితే మిల్లుల పేరు చెప్తాను. అసలు కారణం అది కాదు. నా కొట్టుకి వెనక సందులో అన్న ఇల్లుంది.

అన్న నాకు తోడబుట్టినవాడు కాదు. ఆదోనిలో ఇత్తడి పాత్రల లోపల తగరం కరిగించి కళాయి పూసే ముస్లిం కుటుంబం వాళ్ళది. వాళ్ళ నాయన వీధి మొదట్లో గుంట తవ్వి, తిత్తితో నిప్పు ఊదుతూ, కళాయికి చల్లే నవాసారం పొగలో కూర్చునేవాడు. అన్న కూడా పదేళ్ళ వయసు నుంచీ ఆ నిప్పు దగ్గరే పెరిగాడు. అందుకే కాబోలు, నౌకాదళంలో చేరితే నేరుగా బాయిలర్ గదిలో పడేశారు. నేను ఓడెక్కిన మొదటి వారం, భోజనం వరసలో పళ్ళెం పట్టుకుని నాలో నేను ఏదో గొణుక్కుంటుంటే, వెనక నుంచి ఒక గొంతు, "యాడప్పా మీది?" అంది. దేశం నలుమూలల నుంచి వచ్చిన మూడు వందల మందిలో ఆ రెండు మాటలు చెవిన పడేసరికి నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఎమ్మిగనూరు అన్నాను. "అయితే మనోనివే" అని తన పళ్ళెంలోని ఉల్లిగడ్డ నా పళ్ళెంలో వేశాడు.

పైన నేనుండే కరెంటు బోర్డుల గదికీ, కింద ఆయనుండే బాయిలర్ గదికీ మధ్య ఒక ఫోను ఉండేది. ఆ ఫోనుకి బ్యాటరీ లేదు, కరెంటు లేదు. నోటి ముందు పలచటి రేకు ఉంటుంది. మాటకి అది అదురుతుంది. వెనకున్న అయస్కాంతం, తీగచుట్ట ఆ అదురునే కరెంటుగా మార్చి అవతలి చెవికి పంపుతాయి. ఓడకి దెబ్బ తగిలి దీపాలన్నీ ఆరిపోయినా మనిషి గొంతు మాత్రం అవతలికి చేరాలని ఆ ఏర్పాటు. పావుగంటకొకసారి నేను ఫోనెత్తి లైను బాగుందో లేదో చూడాలి. జవాబు వస్తే పుస్తకంలో ఒక గీత గీయాలి. వరసగా రెండుసార్లు జవాబు రాకపోతే ఎవరో ఒకరు కిందికి పరిగెత్తాలి. దీనికి ఇంగ్లీషులో ఏదో పద్ధతైన ప్రశ్న, పద్ధతైన జవాబు ఉండేవి. మేమిద్దరం డ్యూటీలో ఉంటే అవేవీ లేవు.

"ఉండావా అన్నా?"

"ఉండానప్పా."

అంతే. పదిహేనేళ్ళు ఆ మాటే. ఆయన ఫోనుని చెవికి కాక, చెవి వెనకున్న ఎముకకి ఆనించేవాడు. ఆ గదిలో చెవి దేనికీ పనికిరాదు, ఎముకతో వినాలని చెప్పేవాడు. ఒకసారి తుపానులో ఏదో ఆవిరి గొట్టం లీకై, ఎముకకి కూడా వినపడనంత హోరు పుట్టింది. నేను అరిచీ అరిచీ గొంతు పోగొట్టుకున్నాను. చివరికి ఆయనే ఫోనులో, "నువ్వు అడిగేది నాకు ఇనపడదప్పా. నువ్వు అడగొద్దు. పావుగంటకొకసారి నేనే సెప్తా, నువ్వు ఇనుకో" అన్నాడు. ఆ నాలుగు గంటలూ అలాగే చెప్పాడు. డ్యూటీ అయిపోయాక పైకొచ్చి, ముఖం కూడా కడుక్కోకుండా నా పుస్తకం లాక్కుని గీతలు లెక్కపెట్టాడు. పదహారు ఉన్నాయి. సరిపోయిందని తలూపి పోయి పడుకున్నాడు.

ఆ బాయిలర్ గది ఆయనకి నెలనెలా పింఛనుతో పాటు చెవుడు కూడా ఇచ్చింది. మొదట కొద్దికొద్దిగా పోయింది. నాలుగేళ్ళ నుంచి పూర్తిగా లేదు. కర్నూలులో చూపించాం, చెవిమిషను పెట్టించాం. దాంట్లో గోల తప్ప మాట రాదని తీసి బీరువాలో పెట్టాడు. లోపల నరమే చచ్చిపోయిందన్నాడు డాక్టరు. వినపడనివాడు ముందు ఎదుటివాడి పెదాలు చూస్తాడు, తర్వాత నవ్వుతాడు, తర్వాత మాట్లాడటమే మానేస్తాడు. అన్న మూడో మెట్టు మీదున్నాడు. రోజూ మధ్యాహ్నం నేను పోయి ఆయన పక్కన కూర్చునేవాణ్ణి. టీ తాగేవాళ్ళం. ఏదైనా చెప్పాలంటే పలక మీద రాయాలి. మా ఇద్దరికీ రాసుకునే అలవాటు యాడిది? పక్కనే కూర్చున్న మనిషి కోసం బెంగ పెట్టుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియకూడదు.

అలా ఉండగా మా ఓడని విరగ్గొడుతున్నారని కబురొచ్చింది.

కబురు చెప్పింది మ్యూజియం ఆఫీసరమ్మే. వాళ్ళ దగ్గరున్నది మా ఓడకి అక్క వరస, ఒకే నమూనా. అది ముందే రిటైరైంది. అప్పట్లో మా ఓడకి ఏ భాగం చెడిపోయినా దాంట్లోంచి పీక్కొచ్చేవాళ్ళం. నేనే రెండుసార్లు పోయి స్విచ్చులు, మీటర్లు, ఒక ఫోను జత కూడా పీక్కొచ్చాను. అలా దాన్ని గుల్ల చేసి మా ఓడని నడిపాం. ఇప్పుడు ఆ గుల్లని జనం చూసేలా నిలబెట్టాలి కాబట్టి, మా ఓడ ముక్కలయ్యేలోపు పనికొచ్చేవన్నీ తిరిగి తేవాలి. ఏది ఎక్కడుందో తెలిసిన పాతవాళ్ళు కావాలన్నారు. ఓడ విరిచేవాళ్ళు రెండు రోజులే టైమిస్తామన్నారు.

అన్నని రమ్మని పలక మీద రాశాను. మోకాళ్ళు చూపించి, రాలేనన్నాడు. నేను బయల్దేరుతుంటే మాత్రం నా చెయ్యి పట్టుకుని, చాలా రోజుల తర్వాత గొంతు విప్పి, "మన ఫోను తెస్తావాప్పా?" అని అడిగాడు. చెముడున్నవాళ్ళు మాట్లాడినట్టే వీధంతా వినపడేలా అడిగాడు. తెస్తానని గుండె మీద చెయ్యి వేసుకున్నాను.

అప్పుడే నాకు ఆశ పుట్టింది. డాక్టరుకి ఏం తెలుసు? ఆయన ఎముకతో వినే మనిషి. ఆ ఫోనుతో, ఆ రేకు అదురుతో అయితే ఒకవేళ వినపడుతుందేమో. నరం సంగతి తర్వాత. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నా గొంతు ఆయన లోపలికి పోవాలి. మ్యూజియం పని మీద పోతున్నానని ఊరందరికీ చెప్పాను గానీ నేను పోయింది దానికే.

ముంబైలో ఓడలు విరిచే చోట, బురదలో పక్కకి ఒరిగి ఉంది మా ఓడ. ముందు భాగం అప్పటికే లేదు. గ్యాసుతో కోసేవాళ్ళు పైన కూర్చుని బీడీలు తాగుతున్నారు. లోపలికి దిగితే అదే వాసన, నూనె, తుప్పు, ఉప్పు కలిసిన వాసన. కాళ్ళు వాటంతటవే మెట్లు లెక్కపెట్టుకున్నాయి. మీటర్లు విప్పాను, గడియారం విప్పాను, గంట వేలాడే కొయ్య విప్పాను. నా గదిలో ఫోను కొక్కేనికి అలాగే వేలాడుతోంది. టార్చి పట్టుకుని బాయిలర్ గదికి దిగాను. మోకాలి లోతు నల్లనీళ్ళు. రెండోది కూడా ఉంది.

కత్తిరించే ముందు నేనొక పిచ్చిపని చేశాను. పైకొచ్చి నా గది ఫోనెత్తి, "ఉండావా అన్నా?" అన్నాను. కింద ఎవరూ లేరని నాకు తెలియదా? తెలుసు. అయినా పుస్తకం ముందు కూర్చున్నట్టే జవాబు కోసం కూర్చున్నాను. సుత్తిదెబ్బలు తప్ప ఏమీ రాలేదు. లేచి తీగ కత్తిరించాను. మొదటికంటా కోయకుండా ప్రతిదానికీ జానెడు తీగ వదిలేశాను. కోసేవాళ్ళు నవ్వారు. మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తే దాన్ని పూర్తిగా కోసెయ్యరు. కొత్త పడుగు పోగులు అతకడానికి కొస వదులుతారు. మా ఇంట్లో నాకు చేతనైన మొదటి పని అదే, కొసలు అతకడం. ఇది వాళ్ళకి హిందీలో చెప్పే ఓపిక నాకు లేక ఊరుకున్నాను.

పెట్టెలన్నీ మ్యూజియానికి పోయాయి. ఫోన్లు మాత్రం నేనే బాగుచేసి పంపుతానని ఆఫీసరమ్మని బతిమాలుకుని రైల్లో ఆదోనికి తెచ్చుకున్నాను. ఆమె పెట్టిన షరతు ఒక్కటే. తోమకూడదు. చిలుము, పాత రంగు, చేతుల మరకలు, ఏదీ పోకూడదు. లోపల మాత్రమే బాగుచెయ్యాలి. ఒట్టు వేయించుకుంది.

అన్న ఆ ఫోన్లని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు నిమిరాడు. బాయిలర్ గదిది వదల్లేదు. సరే, ఈ రెండు రోజులు నీ దగ్గరే ఉండనీ అని సైగ చేశాను. కోడుమూరు దగ్గర ఒక మిల్లులో మోటారు కాలిపోయి, నేను అటు పోవాల్సి వచ్చింది. ఒట్టు సంగతి మాత్రం పలక మీద రాయలేదు. అదీ నేను చేసిన తప్పు.

తిరిగొచ్చేసరికి అన్న వాకిట్లో కూర్చుని ఉన్నాడు. పక్కన చిన్న కొలిమి. ముప్పై ఏళ్ళ తర్వాత వాళ్ళ నాయన తిత్తిని అటక మీంచి దించాడు. నన్ను చూడగానే లేచి, కొత్త పెళ్ళికొడుకులా నవ్వుతూ, ఫోను నా చేతికిచ్చాడు. చింతపండుతో తోమినట్టున్నాడు, బంగారంలా ఉంది. మూత తిప్పి చూశాను. లోపల వెండిలా తెల్లగా కళాయి.

రేకు పలచగా ఉంది, కరిగిపోతుందని జాగ్రత్తగా తీసి గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు. అయస్కాంతం మాత్రం ఊడి రాలేదట. ఏదో ఇనప ముద్ద కదా అని దాంతో పాటే నిప్పుల మీద పెట్టాడు. అయస్కాంతాన్ని అంత కాలిస్తే మామూలు ఇనుమైపోతుంది. తీగచుట్ట బొగ్గైపోయింది. ఫోను చచ్చిపోయింది.

నా కోపం సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రోజు నేను నోరు పారేసుకున్నట్టు జన్మలో పారేసుకోలేదు. "నీ సేతులు ఇరిగిపోనూ! నిన్నెవరు ముట్టుకోమన్నారు? పాత్రలు తోముకునేవానికి దీని విలువ ఏం తెలుస్తుంది? నీతో మాట్లాడదామనే కదా తెస్తి!" అని అరిచాను. ఇంకా ఏవేవో అన్నాను. గుమ్మంలో ఆయన కోడలు నిలబడి ఉంది. ఆ పిల్ల అంతా విని, తలొంచుకుని లోపలికి పోయింది.

అన్నకి ఒక్క ముక్క వినపడలేదు. నేను సంతోషం పట్టలేక అరుస్తున్నానని అనుకున్నాడు. "బాగుంది కదప్పా?" అన్నాడు. "లోపల కళాయి లేకుంటే ఇత్తడికి ఇసం పుట్టదా? నోటికాడ పెట్టుకునేది. అందరూ మాట్లాడేది."

ఆ మాటతో నా కోపం ఎటు పోయిందో తెలియదు. వాళ్ళ ఇంట్లో కళాయి లేని ఇత్తడిని ఎవరి నోటి దగ్గరికీ పోనివ్వరు. ఆయన నేర్చుకున్న మొదటి పని అది. నేను జానెడు తీగ వదలడం లాంటిదే. ఫోను పట్టుకుని కొట్టుకొచ్చి, షట్టరు సగం దించుకుని ఏడ్చాను. ఆయన వినకపోయినా ఆ మాటలు నేనన్నవే కదా.

మ్యూజియం ఆఫీసరమ్మకి జరిగింది చెప్పాను. ఆమె, "రెండోదాన్ని ఆయన చేతికి ఇవ్వకండి" అంది. శుక్రవారానికల్లా పంపెయ్యమంది.

ఐదు రోజులు వేరే మోటారు ముట్టుకోలేదు. వెంట్రుకంత సన్నని తీగతో చుట్ట మళ్ళీ చుట్టాను. అయస్కాంతం చుట్టూ లావుపాటి తీగ చుట్టి, నాలుగు లారీ బ్యాటరీలు వరసగా కలిపి, క్షణం పాటు కరెంటు వదిలాను. మూడుసార్లు తప్పింది, నాలుగోసారి మేకు ఎగిరొచ్చి అతుక్కుంది. ఆయన గుడ్డలో చుట్టి దాచిన రేకు మళ్ళీ బిగించాను. కొట్టు వెనక కిటికీ నుంచి సందు మీదుగా అన్న ఇంటి దాకా తీగ లాగాను. నేను వదిలిన జానెడు కొసలకి దాన్ని అతికాను.

గురువారం పొద్దున, ఎనిమిదికి పది నిమిషాలుందనగా, మెరిసే ఫోను ఆయన చేతిలో పెట్టి గోడ గడియారం చూపించాను. ఎనిమిదికి. ఆయన తలూపాడు. అది మా పాత డ్యూటీ వేళే, ఎనిమిది నుంచి పన్నెండు. ఫోనుని చెవి వెనక ఎముకకి ఆనించుకుని, గడియారం వైపు తిరిగి నిటారుగా కూర్చున్నాడు. నేను కొట్టుకి పోయి నల్లది ఎత్తాను.

"ఉండావా అన్నా?"

ఏమీ లేదు. మళ్ళీ అడిగాను, గట్టిగా అడిగాను. గొంతు చించుకుని అడిగాను. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. అతుకులు విప్పి చూశాను, మళ్ళీ కట్టాను. నరం చచ్చిపోయిందన్న డాక్టరు ముఖం గుర్తొచ్చింది. ఫోను పెట్టేద్దామనుకుంటున్నాను. అప్పుడు వచ్చింది.

"ఉండానప్పా."

ముప్పై ఏళ్ళనాటి గొంతు. ఇప్పటి వీధి అరుపు కాదు, ఫోనులో మాట్లాడే ఆ మెత్తటి గొంతు. "ఇనపడిందా అన్నా? టీ తాగినావా? ఏమన్నా అను!" అని ఒకదాని మీద ఒకటి అడిగేశాను. జవాబు లేదు. ఏడిపిస్తున్నాడనుకున్నాను, ఆయనకి ఆ అలవాటుంది. కాసేపు చూసేసరికి మళ్ళీ, "ఉండానప్పా" అన్నాడు. ఇక ఆగలేక ఫోను బల్ల మీద పడేసి, చెప్పులు కూడా వేసుకోకుండా సందులోకి పరిగెత్తాను.

వాకిట్లో కోడలు బియ్యం ఏరుతోంది. "యాడికి చాచా, అట్ల పరిగెత్తుతాండారు?"

"ఆయనకి ఇనపడింది తల్లీ! జవాబు సెప్పినాడు!"

ఆ పిల్ల చేట కింద పెట్టింది. నా ముఖం చూడటానికి ఇబ్బంది పడింది. "ఇనపడ్లేదు చాచా," అంది మెల్లగా. "టీ తెచ్చి ఎనకాల నిలబడి ఎంత పిలిచినా తిరగలేదు. గడియారమే చూస్తాండాడు. ముల్లు పావుకి వచ్చినప్పుడు ఒకసారి, అరకి వచ్చినప్పుడు ఒకసారి, ఆయనకై ఆయనే అంటాండాడు."

గుమ్మంలో చాలాసేపు నిలబడి చూశాను. ఆయన వీపు నావైపుంది. గోడ మీద ముల్లు ముప్పావుకి చేరింది. ఆయన మెరిసే ఫోనుని నోటికి దగ్గరగా తెచ్చుకుని, "ఉండానప్పా" అన్నాడు. మళ్ళీ ఎముకకి ఆనించుకుని, వినపడని నా మాట కోసం కూర్చున్నాడు. హోరు ఎక్కువగా ఉన్నప్పుడు నేను అడగక్కర్లేదు, ఆయనే చెప్తాడు. ఆ తుపాను నాలుగేళ్ళ నుంచీ ఆయన చెవుల్లో ఆగలేదు. అయినా పైన నేను పుస్తకం ముందు కూర్చుని ఉంటానని ఆయనకి నమ్మకం.

భుజం మీద చెయ్యి వేయలేదు. వెనక్కి పోయి ఫోనెత్తి, పన్నెండు దాకా కూర్చున్నాను. ఒక మోటారు కోసం వచ్చినవాణ్ణి సాయంత్రం రమ్మన్నాను. మోటారు రసీదుల పుస్తకం వెనక గీతలు గీశాను. ప్రతిసారీ, ఆయనకి చేరదని తెలిసీ, "నేనూ ఉండా అన్నా" అన్నాను.

పన్నెండు దాటాక పోయి, డ్యూటీ మారేటప్పుడు చేసినట్టు భుజం తట్టాను. ఆయన తిరిగి, గాబరాగా నా ముఖంలోకి చూశాడు.

"ఇనపడినానా అప్పా?"

తలూపాను.

"ఎన్నిసార్లు?"

పది వేళ్ళు చూపించాను. మూసి, మళ్ళీ ఆరు చూపించాను. ఆయన నా చేతిలోని రసీదుల పుస్తకం లాక్కుని, ఒక్కో గీత మీద వేలు పెట్టి లెక్కపెట్టుకున్నాడు. సరిపోయిందని తలూపి, ఫోను నా ఒళ్ళో పెట్టి, పోయి పడుకున్నాడు.